వదిన కొట్టేసిన మాటలు

మా అన్న మనవడికి పెళ్ళి కుదిరిందని తెలిసిన రోజునుంచీ, శుభలేఖ రాసిపెట్టమని ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తూ, ఎవరూ అడగకముందే రాసి పెట్టుకున్నవాణ్ణి నేను. ముప్పై ఏళ్ళకు పైగా చిత్తూరులో కాలేజీ పిల్లలకు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కదా, మా ఇంట్లో శుభకార్యమైతే నాలుగు మంచి మాటలు నేను కాక ఇంకెవరు రాస్తారనే ధీమా కూడా ఉండింది. చక్కగా ఇరవై రెండు లైన్లు కుదిరాయి. దాన్ని మా మనవరాలి చేత టైపు చేయించి, మా వాళ్ళందరూ ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టించాను. సగం పూట ఎవరూ ఉలకలేదు, పలకలేదు. ఆ తరువాత ఆ టైపు చేసిన మనవరాలే, నా పక్కన కూర్చునే, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా, చంద్రగిరి అవ్వకు ఒకసారి చదివి వినిపిద్దామా అని గ్రూపులో రాసింది.

చంద్రగిరి అవ్వ అంటే మా వదిన, పెళ్ళికొడుక్కి సొంత నాయనమ్మ. అన్న పోయి తొమ్మిదేళ్ళు కావస్తోంది. ఆమెకు ఎనభై నిండాయి, రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది, చదివింది ఎనిమిదో తరగతి. ఎవరో ఫోనులో చదివి వినిపించారట. సాయంత్రం కాఫీ వేళకల్లా నా ఇరవై రెండు లైన్లు ఆరు లైన్లయి తిరిగొచ్చాయి. ఇక గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. ఉదయమంతా నిద్రపోయినవాళ్ళు ఒక్కసారిగా లేచి కూర్చున్నట్టున్నారు. మా ఆవిడ ఆ పూట పితికిపప్పు చేద్దామని నానబెట్టిన అనపగింజలు పితుకుతూ కూర్చుంది, ఒక్కో గింజనూ రెండు వేళ్ళతో నొక్కగానే తోలు చేతిలో మిగిలిపోయి పప్పు గిన్నెలోకి దూకుతోంది. మనవరాలు చదివి వినిపిస్తే ఆవిడ చేతిపని ఆపి, "బో సక్కంగా రాసిందే అక్క" అంది. నేను అక్కడే ఉన్నాను. నా వైపు చూడనైనా లేదు.

నాకు ఒళ్ళు మండింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి ఎనభై ఏళ్ళ మనిషి మీద, అదీ తల్లి తరువాత తల్లిలాంటి వదిన మీద అసూయేమిటని మీరు అనవచ్చు. అసూయ అంటే అసూయే, దానికి ఇంకో ముద్దుపేరు పెట్టే వయసు నాకు దాటిపోయింది. అయితే ఆ ఆరు లైన్లలో నన్ను మంటకంటే ఎక్కువగా గుచ్చినది ఒకటుంది. నా శుభలేఖలో పెళ్ళి జరిగే చోటు ఇరవై ఒకటో లైనులో ఉంటే, ఆమె దాన్ని మొదటి లైనులోకి తెచ్చి పెట్టింది. పెళ్ళి తిరుపతిలో, కొండ కింద, ఫలానా మండపంలో అని. ఆ లైను అక్కడ ఎందుకుందో ఆ గ్రూపులో ఉన్న అరవై మందిలో ఒక్కడికే తెలుసు, ఆ ఒక్కడూ నేనే.

అది చెప్పాలంటే మా నాయన ప్రెస్సు దగ్గరికి వెళ్ళాలి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి రెండు సందుల ఇవతల, ముందు వైపు ప్రెస్సు, వెనక వైపు ఇల్లు. ఒకే ఒక ట్రెడిల్ మిషను, దాన్ని మా అన్న కాలితో తొక్కేవాడు. గోడ పొడవునా ఏటవాలుగా చెక్క అరలు, వాటి నిండా చిన్న చిన్న గళ్ళు, గళ్ళ నిండా సీసపు అక్షరాలు. నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు, ఒక్కొక్క అక్షరాన్నీ చేత్తో ఏరి, తలకిందులుగా, కుడిఎడమలుగా పేర్చి, లైను తరువాత లైను బిగించి, ఇనప చట్రంలో కూర్చితే అప్పుడు అది అచ్చవుతుంది. లాడ్జీల రసీదు పుస్తకాలూ, బడుల నోటీసులూ ఏడాది పొడవునా ఉండేవి గానీ, మాకు అన్నం పెట్టింది మాత్రం మాఘం నుంచి వైశాఖం దాకా పెళ్ళికార్డులే. అక్షరాలు ఎన్నంటే అన్ని ఉండేవి కావు. పెళ్ళికార్డు సైజు టైపులో మా ప్రెస్సులో ఉన్న శ్రీలు పదకొండు. పన్నెండో పెద్దమనిషికి శ్రీ పెట్టాలంటే మొదటి పెద్దమనిషి శ్రీ ఊడబెరకాలి.

నేను బి.ఏ. తెలుగు ముగించుకుని, ఉద్యోగం దొరికేదాకా ప్రెస్సులో ఉండమని నాయన అంటే సరేనన్నాను. కార్డుల్లో మాటలు రాయడం, ప్రూఫులు దిద్దడం నా పని. అప్పటిదాకా ప్రతి పెళ్ళికీ ఒకటే మాటలు, పేర్లు మాత్రం మారేవి, నేను వచ్చి ఆ కరువు తీర్చాననుకున్నాను. ఆహూతులైన అతిథి మహాశయులెల్లరూ సకుటుంబ సపరివార సమేతంగా, తమ కుటుంబ సభ్యులందరితో కూడి, బంధుమిత్రులను వెంటబెట్టుకుని, స్వయంగా తామే విచ్చేసి, దయచేసి, కనులారా కన్నులతో వీక్షించి అని సాగేవి నా కార్డులు. అక్షరాలు పేర్చే ముసలి కంపోజిటరు నా కాగితం చూసి నిట్టూర్చేవాడు గానీ ఏమీ అనేవాడు కాదు. ఒక ఏడు మాఘమాసం నడుమ ఆయనకు చూపు మందగించి పుత్తూరులో కూతురింటికి వెళ్ళిపోయాడు. చేతిలో కార్డుల పని కుప్పలుగా ఉంది, మనిషి లేడు. నాయన తలపట్టుకుని కూర్చుంటే, మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చిన వదిన, నేను పేరుస్తా మామా అంది.

ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చి అప్పటికి ఏడేళ్ళు. రోజూ క్యారియరు తెచ్చి, మేము తినేదాకా గోడకు ఆనుకుని నిలబడి చూస్తూ ఏ గడిలో ఏ అక్షరం ఉందో కంఠతా పట్టేసిందని అప్పుడు గానీ మాకు తెలియలేదు. మొదట్లో ఆమె చేయి నిదానం. నా కాగితం పొడుగు. ఒకరోజు సగం పేర్చి, చేయి నొప్పి పుట్టి, నా వైపు తిరిగి, "సకుటుంబంగా రమ్మని సెప్పినాక మళ్లా కుటుంబ సబ్యులు యాడినుంచి వస్తారప్పా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మిషను దగ్గర అన్న పకపకా నవ్వాడు. నాయన నవ్వలేదు, కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆమెనే చూశాడు. నా కష్టాలు ఆ చూపుతో మొదలయ్యాయి.

అక్కడినుంచి ఆమెకు ఒక పద్ధతి కుదిరింది. ఎవరైనా కార్డు వేయించుకోవడానికి వస్తే, నేను రాసిన కాగితాన్ని వాళ్ళకు ఒకసారి చదివి వినిపించేది. తరువాత ఆ కాగితాన్ని బల్లమీద బోర్లించి, ఇప్పుడు చెప్పండి అనేది. వాళ్ళు పెళ్ళికూతురి పేరు చెప్పేవాళ్ళు, పెళ్ళికొడుకు పేరు, ఎవరి బిడ్డలో, ఏ పొద్దో, ఏ వేళకో, ఎక్కడో చెప్పేవాళ్ళు, మా ఇంట్లో ఇదే తొలి పెళ్ళి అనో, మా అవ్వ చూడాలనుకుంటోంది అనో ఒక్క మాట గొంతు మారి చెప్పేవాళ్ళు. ఆమె అంతవరకే పేర్చేది. మాకు తెలిసిన కుటుంబాల్లో పిలుపంటే ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టి, నోటితో పిలిచేదే పిలుపు, కార్డు చేతిలో పెట్టి ఊరుకుంటే ఎవరూ రారు. అది పట్టుకుని వదిన ఒక సూత్రం చెప్పేది, "నోటితో పిలస్తారు గదా మామా, నోరు మర్సిపోయేది మాత్రం కార్డులో ఉంటే సాలు." ఆ లెక్కన నా కనులారా కన్నులు, నా విచ్చేసి దయచేయడాలు అన్నీ నేలపాలయ్యాయి.

నాయన ప్రూఫు చూసే తీరు ఒకటుంది. తడి ఆరని కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, పెదవులు కదలకుండా చదివి, "బాగుండాదమ్మణ్ణీ" అనేవాడు. అంతకు మించి పొగడ్త ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పి.యు.సి.లో తెలుగులో నాకు మొదటి మార్కు వచ్చినప్పుడు కూడా, సరే అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను బి.ఏ. తెలుగు చదివానంటే మీరు నవ్వకండి. ఆ మాట ఎనిమిదో తరగతి చదివిన వదినకు వారానికి మూడుసార్లు, పెళ్ళిళ్ళ కాలంలో రోజుకు రెండుసార్లు దొరికేది. నేను వేళ్ళమీద లెక్క పెట్టుకునేవాణ్ణి. లెక్క పెరిగేకొద్దీ నాకు అన్నం సహించేది కాదు. వదిన చేసిన పులుసులో ఉప్పెక్కువైందని అమ్మతో చెప్పేవాణ్ణి, ఎక్కువ కాకపోయినా. నా కాగితంలో మాటలు కొట్టేయడానికి ఆమె వాడే నీలం పెన్సిలు తీసి చూరులో దాచేవాణ్ణి. ఆమె బొగ్గు ముక్కతో కొట్టేసేది, అది ఇంకా మందంగా పడేది.

ఇలా ఉండగా చిత్తూరు బట్టల వ్యాపారి ఒకాయన, నాయనకు పాత స్నేహితుడు, కూతురి పెళ్ళికార్డు వేయించడానికి వచ్చాడు. వాళ్ళ ఇంట్లో తాతల కాలం నుంచీ పెళ్ళిళ్ళన్నీ తిరుమల కొండమీదే. ఆ ఏడు మాత్రం ఏవో కారణాల వల్ల కొండమీద కుదరక, తిరుపతిలోనే ఒక సత్రంలో పెట్టుకున్నారు. నేను ప్రాణం పెట్టి పదిహేడు లైన్లు రాశాను. ఆయన చదివి, మీ చిన్నోడు బో రాసినాడన్నా అని నాయనతో అన్నాడు. నాయన నా వైపు చూశాడు. ఆ క్షణంలో ఇంకొంచెముంటే ఆ మాట వచ్చేసేది, నాకు ఇప్పటికీ నమ్మకమే. అంతలో వదిన కాగితం తీసుకుని బోర్లించింది. ఏడు లైన్లు మిగిలాయి. ఆ ఏడు లైన్లూ ఆ పెద్దమనిషి తల వంచుకుని విన్నాడు. తరువాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇది మా నాయన పిలిచినట్టుండాది అన్నాడు. ప్రూఫు మీద సంతకం చేశాడు. నాయన అనాల్సిన మాట వదినతోనే అన్నాడు.

మరునాడు వదిన పుట్టింట్లో ఏదో మొక్కు ఉంటే చంద్రగిరి వెళ్ళింది. నాయన కాగితం కొనడానికి చిత్తూరు వెళ్ళాడు. ఆ ఏడు లైన్లూ చట్రంలో బిగించి, అచ్చుకు సిద్ధంగా బల్లమీద ఉన్నాయి. మధ్యాహ్నం అన్న భోంచేసి కునుకు తీస్తుంటే నేను ఆ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఒక్క లైను, నాది ఒక్కటే ఒక్క లైను పెడదామని చట్రం వదులు చేశాను. ఒకటి పెట్టాక రెండోది బాధపడింది, రెండోదాన్నీ పెట్టాను. మూడోది పెట్టేసరికి చట్రంలో చోటు చాలలేదు. ఏదో ఒక లైను తీస్తే తప్ప బిగుసుకోదు. పేర్లు తీయలేను, తేదీనీ వేళనూ తీయలేను. పెళ్ళి జరిగే చోటు చెప్పే లైను చూశాను. నోటితో పిలుస్తారు కదా, ఎక్కడో నోటితో చెబుతారు కదా అనుకున్నాను. వదిన సూత్రాన్ని వదిన కార్డు మీదే ప్రయోగిస్తున్నానని లోలోపల సంతోషం కూడా వేసింది. ఆ లైను తీసి, అక్షరాలను ఎక్కడి గళ్ళలో అక్కడ వేసేశాను. అన్న లేచి మిషను తొక్కాడు. ఆయనకు అచ్చు బాగా పడిందా లేదా అన్నదే పట్టింపు, అందులో ఏముందో చదివే అలవాటు లేదు. సాయంత్రానికి కార్డులు ఆరాయి, కట్టలు కట్టాము, మరునాడు పొద్దున్నే వ్యాపారి మనిషి వచ్చి తీసుకెళ్ళాడు.

దగ్గరివాళ్ళందరినీ ఆయన నోటితోనే పిలిచాడు, వాళ్ళకు ఏ ఇబ్బందీ లేకపోయింది. పలమనేరు అవతల ఒక పల్లెలో ఆయన అక్క ఉండేది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. పెళ్ళిపనుల్లో అంత దూరం వెళ్ళలేక ఆమెకు కార్డు పోస్టులో వేసి, అక్క కదా, ఏమీ అనుకోదులే అనుకున్నాడట. వాళ్ళ ఇంట్లో పెళ్ళికూతుర్ని చేయి పట్టుకుని పీటల మీదికి తెచ్చేది మేనత్త. ఆమె పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకుమలు పట్టుకుని, మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని, కార్డులో చోటు లేదు కాబట్టి, వాళ్ళ ఇంటి పెళ్ళంటే కొండమీదే కాబట్టి, తిన్నగా బస్సెక్కి కొండమీదికి వెళ్ళిపోయింది. అక్కడ సత్రం సత్రం తిరిగి, మా తమ్ముడి బిడ్డ పెళ్ళి యాడ, యాడ అని అడిగిందట. ఎవరో దయగలవాడు చెబితే కిందికి దిగి వచ్చేసరికి తాళి కట్టడం అయిపోయింది. పిల్లను వేరెవరో చేయి పట్టుకుని తెచ్చారు. ఆమె లోపలికి రానేలేదట, సత్రం అరుగు మీద కూర్చుని, తమ్ముడు నన్ను పిలవలేదు, కార్డు వేసినాడు అని ఏడ్చిందట.

మూడోనాడు ఆ పెద్దమనిషి ప్రెస్సుకు వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. కార్డు తీసి నాయన బల్లమీద పెట్టి, "యాడికి రావాలో లేదన్నా ఇందులో" అన్నాడు. నాయన కార్డు దూరంగా పట్టుకుని చదివాడు, మళ్ళీ చదివాడు. ఎవరు చేసినారు ఈ పని అని అడిగాడు. వదిన చంద్రగిరి నుంచి వచ్చి అరల దగ్గరే నిలబడి ఉంది. నేను తలుపు పక్కన ఉన్నాను. పదిహేడు లైన్లు ఊపిరి తీయకుండా రాయగలవాణ్ణి, నాకు ఒక్క మాట నోట రాలేదు. వదిన వచ్చి కార్డు అందుకుని చూసింది. తాను కొట్టేసిన మూడు లైన్లూ అందులో కూర్చుని ఉన్నాయి. తల ఎత్తి నన్ను ఒక్కసారి చూసింది. తరువాత నాయన వైపు తిరిగి, "నా సేతిలోనే జారిపోయింది మామా" అంది.

నా జన్మలో అంత బాగా రాసిన వాక్యం నేను వినలేదు. అబద్ధంలో కూడా ఒక్క మాట ఎక్కువ లేదు. నన్ను కాపాడిన మనిషి మీద ఆ పూటే నాకు అసూయ రెండింతలైందంటే, నేనెలాంటివాణ్ణో మీరే ఆలోచించుకోండి. నాయన చొక్కా తగిలించుకుని బయటికి నడిచాడు. ఆ పెద్దమనిషితో పాటు పలమనేరు దాకా వెళ్ళి, ఆయన అక్క ముందు చేతులు జోడించి వచ్చాడని తరువాత తెలిసింది. రాగానే, కొన్నాళ్ళు అక్షరాల జోలికి పోవద్దమ్మణ్ణీ అన్నాడు. రేణిగుంట నుంచి ఒక కొత్త కంపోజిటరు వచ్చాడు. వదిన గోడ అవతల, ఇంటి వైపుకు వెళ్ళి, కార్డులు మడతపెట్టి కవర్లలో పెట్టే పనిలో కూర్చుంది. ఆ కొన్నాళ్ళు పన్నెండేళ్ళు సాగాయి.

నాకు కావలసింది నాకు దొరికింది. కార్డుల్లో మాటలన్నీ మళ్ళీ నావే. కాలేజీలో ఉద్యోగం వచ్చాక కూడా సెలవు దొరికితే చిత్తూరు నుంచి వచ్చి రాసిచ్చేవాణ్ణి. నాయన ప్రూఫు చేయి చాచి దూరంగా పట్టుకునేవాడు, పెదవులు కదలకుండా చదివేవాడు, చదివాక కాసేపు నా ముఖం వైపు చూసేవాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని నేను నిలబడేవాణ్ణి. పోనీలే, అచ్చెయ్యమను, అనేవాడు. పన్నెండేళ్ళూ అదే. గోడ అవతల వదిన కాగితం మడతపెట్టిన చప్పుడు వినిపించేది. ఆమెకు ఆ మాట చెప్పేవాళ్ళు లేకపోయినా, ఆమెకు అప్పటికే వచ్చినవి ఆమె దగ్గర భద్రంగా ఉన్నాయి కదా అని ఏడుపు నాకు. ఆ తరువాత నాయన పోయాడు. ఆఫ్‌సెట్ మిషన్లు వచ్చి మా ట్రెడిల్‌కు పని లేకుండా చేశాయి. సీసపు అక్షరాలన్నీ గోతాల్లో తూకానికి వెళ్ళిపోయాయి, పదకొండు శ్రీలతో సహా. అన్నా వదినా చంద్రగిరిలో ఆమె పుట్టింటివాళ్ళ స్థలంలో ఇల్లు కట్టుకున్నారు. అక్కడ చేరాక, అర్జీ రాయాలన్నా, పై ఆఫీసరుకు విన్నపం రాయాలన్నా, పెద్దవాళ్ళు పోతే నాలుగు మాటలు రాయాలన్నా చుట్టాలందరూ కాగితం పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్ళేవాళ్ళు. తెలుగు లెక్చరరు ఒకడు ఇంట్లో ఉన్నాడని ఎవరికీ గుర్తుండేది కాదు.

మొన్న ఆ ఆరు లైన్లు చూశాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడోరోజు కూర్చుని, జరిగిందంతా, మీకిప్పుడు చెప్పినదంతా, ఇంకా చెప్పనివి కూడా కలిపి, పద్నాలుగు కాగితాలు రాశాను. పొద్దున్నే తిరుపతి బస్సెక్కి చంద్రగిరిలో దిగి, కోట దారిలో ఉన్న వాళ్ళ ఇంటికి నడిచాను. వదిన వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కాఫీ తాగినాక, ఒకటి రాశాను, విను వదినా అన్నాను. ఏ పెళ్ళికి అని అడిగింది. పెళ్ళి కాదన్నాను. కళ్ళు మూసుకుని వినసాగింది. నేను చదువుతుంటే కుర్చీ చేతి మీద ఆమె కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఏదో ఏరుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి. పెన్సిలు దాచిన చోట కొంచెం నవ్వింది. ఆ పెద్దమనిషి అక్క అరుగు మీద ఏడ్చిన చోట వేళ్ళు ఆగాయి. పద్నాలుగో కాగితం ముగించి తల ఎత్తాను.

"కాగితం బోర్లించు" అంది. బోర్లించాను. "ఇప్పుడు సెప్పు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ లైను తీసింది నేను వదినా అన్నాను.

"ఊఁ. ఇదొక్కటే గదా. దీనికి పద్నాలుగు కాగితాలు ఏంటికప్పా?" అంది. కాఫీ గ్లాసు పక్కకు జరిపి, "మామకు ఆ పొద్దే తెలుసు. నీ మాటలు మామ గుర్తుపట్టడా? నన్ను మడతలకు పంపింది నువ్వు నోరు తెరస్తావని. సూసినాడు, సూసినాడు, పోయినాడు" అంది.

చేయి చాచి పట్టుకున్న ఆ ప్రూఫులు, ఆ తరువాత నా ముఖం వైపు చూసిన చూపులు, పన్నెండేళ్ళవి, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఆయన నేను రాసిన లైన్లు చదువుతున్నాడని నేను నిలబడ్డాను, ఆయన నేను చెప్పని లైను కోసం కూర్చున్నాడు. మరి ఆ పన్నెండేళ్ళూ నీ సంగతేంటి వదినా అని అడిగాను. ఆమె గేటు వైపు చూస్తూ, "నాకు అచ్చరాలంటే బో ఇష్టమప్పా" అంది. అంతే అంది. నన్ను తిట్టి ఉంటే నయంగా ఉండేది. భోంచేసి పొమ్మని లోపలికి కేక వేసింది.

తిరుగు బస్సులో మనవరాలు పంపిన కొత్త శుభలేఖ ఫోనులో చూశాను. పాట వస్తుంది, పూలు రాలతాయి, పిల్లా పిల్లవాడూ నవ్వుతూ నడిచి వస్తారు, చోటు దగ్గర వేలు పెడితే దారి అదే చూపిస్తుంది. ఇప్పుడు ఏ మేనత్తా దారి తప్పి కొండెక్కదు, అందుకు సంతోషమే. శ్రీలు పెట్టుకుంటూ పోతే ఎన్ని వందలైనా వస్తాయి, అయిపోవడమన్నది లేదు. ఒక్కొక్క అక్షరాన్నీ చేత్తో ఏరి, ఈ మాట లేకపోతే ఏం పోతుందని అడిగే మనిషి పక్కన లేదు. రాసినదాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, ఒక్క మాట అనడానికి ఏళ్ళ తరబడి ఎదురుచూసే మనిషి అంతకన్నా లేడు. వదిన మీద నా అసూయ ఇంకా పోలేదు, ఆయన దేనికోసం చూస్తున్నాడో ఇన్నేళ్ళూ ఆమెకు తెలుసు, నాకు తెలియదు. నేను బస్సెక్కేముందు వదిన ఆ పద్నాలుగు కాగితాలూ తీసుకుని, ఆ లైను తీసింది నేనే అన్న ఒక్క లైను ఉంచి, నీలం పెన్సిలుతో మిగిలినదంతా కొట్టేసి ఇచ్చింది. పాత అలవాటు ఊరికే పోతుందా, ఆమె కొట్టేసినదంతా చాలావరకు మళ్ళీ ఇక్కడ పెట్టేశాను. ఈసారి మాత్రం ఆమె ఉంచమన్న లైను తీయలేదు.